కరెంటు పోతే సంప్ పొంగకుండా

రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) కింద సంప్ అనే మరో తొట్టి ఉంటుంది, అందులోని పంపు రిటర్న్ పైపు గుండా నీళ్లను పైకి పంపుతుంది. కరెంటు పోగానే ఆ పైపు సైఫన్ అయి, అంటే నీళ్లను వెనక్కి లాగేసి, పైనున్న ఉప్పునీళ్లు సంప్‌లోకి దిగి నేలంతా పారతాయి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న ట్యాంకులో ఒక్క సెంటీమీటరు మట్టం తగ్గితే దాదాపు 11 లీటర్లు కిందికి వచ్చినట్టే. రిటర్న్ మూతి 5 సెంటీమీటర్ల లోతులో ఉంటే 50 లీటర్లు దాటుతాయి.

పంపు నడుస్తున్నప్పుడు ఉండే నీటి మట్టానికి ఒక సెంటీమీటరు కింద, రిటర్న్ పైపుకి 5 లేదా 6 మి.మీ. రంధ్రం వేయండి. డ్రిల్ పెట్టేముందు పంపు ఆపి పైపు బయటికి తీయాలి. రంధ్రం కిందివైపుకి వాలి ఉంటే నీళ్లు పైకి చిమ్మవు. మట్టం అక్కడిదాకా దిగగానే గాలి లోపలికి పోయి సైఫన్ తెగుతుంది.

తర్వాత పంపు ఆపి, పైనుంచి నీళ్లు దిగడం పూర్తిగా ఆగేదాకా చూడండి. అప్పుడు సంప్ నీళ్లు అంచుకి 4 సెంటీమీటర్ల కింద ఉండేలా సరిచేసి పంపు వేయండి. మట్టం నిలకడయ్యాక పంపు ఉన్న అరలో గాజు మీద మార్కర్‌తో గీత గీయండి. ఆవిరైన నీటికి బదులు ఆర్ఓ నీళ్లు పోసేటప్పుడు ఆ గీత దాటకూడదు.

ఆ రంధ్రం నాచుతోనో, కోరలైన్ (సున్నంలా గట్టిపడే నాచు) పొరతోనో, ఒక్కోసారి చిన్న నత్త దూరో మూసుకుపోతుంది. నెలకోసారి టూత్‌పిక్‌తో పొడిచి, పంపు ఆపి చూసుకోండి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ ఉంది కదా అని ఇది మానేయొద్దు, దాంట్లోనూ సున్నం పేరుకుంటే సరిగా మూసుకోదు.