లంబర్ పంక్చర్ నేర్పడం ఎలా: ప్రతి మెట్టునూ దాని ప్రమాదంతో కలిపి

బోధనాసుపత్రుల్లో హౌస్ సర్జన్లకు లంబర్ పంక్చర్, అంటే నడుము దగ్గర వెన్నులోకి సూది వేసి వెన్ను నీరు తీసే పద్ధతి, నేర్పే పని ఎక్కువగా సీనియర్ రెసిడెంట్ల మీద పడుతుంది. ఒకటి చూసి, ఒకటి చేసి, మరొకరికి నేర్పే పాత ఆనవాయితీలో విద్యార్థి పట్టే మొదటి సూది నేరుగా రోగి నడుములోకే వెళ్తుంది. 2019లో ఎంబీబీఎస్‌కు సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక వచ్చి, వైద్య కళాశాలల్లో స్కిల్స్ ల్యాబ్‌లు ఏర్పడ్డాక, ఆ ఆనవాయితీని కొనసాగించడానికి సమర్థన ఏమీ మిగలలేదు. అయితే మానికిన్ (సాధన చేసే మనిషి బొమ్మ) ఉన్నంత మాత్రాన బోధన మారదు. దుష్ఫలితాలను చివర్లో ఒక జాబితాగా అప్పజెప్పించే అలవాటు కూడా పోవాలి. ఏ మెట్టు ఏ ప్రమాదాన్ని ఆపుతుందో ఆ మెట్టు దగ్గరే చెప్పాలి.

మొదట, సూది ఎప్పుడు వేయకూడదో నేర్పండి. స్పృహ తగ్గిన రోగి, కొత్తగా మూర్ఛ వచ్చినవారు, ఒక వైపు కాలూచేయీ బలహీనపడినవారు, కంటి నరం వాచినవారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు అయితే ముందు సీటీ తీయించాలి. మెదడులో గడ్డ వంటిది ఉండి ఒత్తిడి పెరిగిన స్థితిలో కింద నుంచి నీరు తీస్తే మెదడు కిందికి జారి ప్రాణం పోవచ్చు. రక్తం పలచబడే మందులు, ప్లేట్‌లెట్ల సంఖ్య, సూది గుచ్చే చోట చర్మంపై పుండ్లు, ఈ మూడింటినీ విద్యార్థి తానుగా అడిగి చూడాలి. మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్ఫెక్షన్) అనుమానం బలంగా ఉంటే స్కాన్ కోసం యాంటీబయాటిక్‌ను ఆపకూడదని, రక్తం కల్చర్‌కు తీసి వెంటనే మందు మొదలుపెట్టాలని ఇక్కడే గట్టిగా చెప్పాలి.

తర్వాత రోగితో మాటలు. వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయన్న భయం మన వార్డుల్లో చాలామంది బంధువులకు ఉంటుంది, ఆ భయంతోనే అవసరమైన పరీక్షను వద్దనేవారూ ఉంటారు. వారిని కసరకుండా, పెద్దవారిలో వెన్నుపాము సాధారణంగా మొదటి, రెండవ కటి వెన్నుపూసల దగ్గరే ముగుస్తుందని, సూది దానికి కింద వేస్తామని, అరుదైన ప్రమాదాలు ఇవీ అని తెలుగులో నిదానంగా వివరించడాన్ని విద్యార్థి చేత మీ ముందే సాధన చేయించండి. నా దృష్టిలో ఇది సూది వేయడమంత ముఖ్యమైన నైపుణ్యం.

ల్యాబ్‌లో పేటన్ నాలుగు మెట్ల పద్ధతి బాగా పనిచేస్తుంది. మీరు మొదట ఏమీ మాట్లాడకుండా మామూలు వేగంతో చేసి చూపండి. రెండోసారి ఆగి ఆగి, కారణాలు చెబుతూ చేయండి. మూడోసారి విద్యార్థి చెబుతుంటే మీరు చేయండి. నాలుగోసారి అతను చెబుతూ తానే చేయాలి. ఎక్కువమంది వదిలేసేది మూడో మెట్టే, కానీ విద్యార్థికి ఏది అర్థం కాలేదో బయటపడేది అక్కడే.

కారణాలు చెప్పవలసిన చోట్లు ఇవి. రెండు తుంటి ఎముకల పై అంచులను కలిపే గీత సుమారుగా నాలుగో కటి వెన్నుపూస మీదుగా పోతుంది కాబట్టి మూడు-నాలుగు లేదా నాలుగు-ఐదు మధ్య ఖాళీని ఎంచుకోవాలి; పసిపిల్లల్లో వెన్నుపాము ఇంకా కిందికి ఉంటుంది కనుక కింది ఖాళీయే మేలు. చర్మానికి పూసిన మందు పూర్తిగా ఆరేదాకా ఆగాలి. సూది కొద్దిగా బొడ్డు వైపు వంగి ఉండాలి. పదునైన కొన ఉన్న సూది అయితే, పక్కకు పడుకున్న రోగిలో దాని వాలు ముఖం పైకప్పు వైపు చూడాలి. పెన్సిల్ మొనలాంటి సూది దొరికితే అదే వాడండి. దానితో తలనొప్పి స్పష్టంగా తగ్గుతుంది. సూదిని బయటికి లాగే ముందు స్టైలెట్‌ను (సూది లోపల ఉండే సన్నని కడ్డీని) తిరిగి లోపల పెట్టించండి. ద్రవం ఒత్తిడిని కొలవాలంటే రోగి పక్కకే పడుకుని ఉండాలి, కూర్చోబెట్టి కొలిచిన అంకెకు విలువ లేదు.

రోగి దగ్గరికి ఎప్పుడు పంపాలన్నది ఎన్నిసార్లు చేశాడన్న లెక్కతో తేల్చకండి. చెక్‌లిస్టులో ప్రతి అంశం సరిగ్గా పూర్తయ్యేదాకా మానికిన్ మీదే ఉంచండి. ఒకరికి ఎక్కువ సమయం పడితే అందులో సిగ్గుపడవలసింది లేదు. మొదటి రోగి దగ్గర మీరు పక్కనే గ్లోవ్స్ వేసుకుని ఉండాలి, ఎన్ని ప్రయత్నాల తర్వాత సూది మీ చేతికి ఇవ్వాలో ముందే మాట్లాడుకోవాలి.

నీరు తీశాక రోజంతా కదలకుండా పడుకోబెట్టడం తలనొప్పిని ఆపదు. లేస్తే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి సాధారణంగా మొదటి రెండు మూడు రోజుల్లో మొదలవుతుంది. చాలావరకు దానంతటదే తగ్గుతుంది, తగ్గకపోతే రోగి రక్తాన్నే ఎపిడ్యూరల్ ఖాళీలోకి (వెన్నుపాము పొరల బయటి ఖాళీలోకి) ఎక్కించే బ్లడ్ ప్యాచ్ ఉంది. నడుము నొప్పి తీవ్రమవుతూ కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగినా రక్తం గడ్డకట్టి నరాలను నొక్కుతోందేమోనని వెంటనే ఎంఆర్ఐ తీయించాలి. అందువల్ల సూది వేసిన విద్యార్థే మరుసటి రోజూ, ఆ తర్వాతి రోజూ ఆ మంచం దగ్గరికి వెళ్లి తలనొప్పి, కాళ్ల బలం, మూత్రం గురించి అడిగి కేస్ షీట్‌లో రాయాలి. ఆ రాతను చూశాకే అతని లాగ్‌బుక్‌లో మీరు సంతకం చేయండి.