స్వర్ణముఖి ఒడ్డున వానలకు ముందు జాగ్రత్తలు

శ్రీకాళహస్తిలో ఏడాదిలో ఎక్కువ నెలలు స్వర్ణముఖి అంటే ఉత్త ఇసుకే. అందుకే ఏరు వస్తుందన్న సంగతే మర్చిపోతాం. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బంగాళాఖాతంలో పట్టే అల్పపీడనాలతో పడతాయి. సెప్టెంబరు ముగిసేలోపే కొన్ని పనులు చూసుకోవాలి.

మొదట తెలుసుకోవాల్సింది, ఈ ఏరు మన ఊరి వానను బట్టి రాదు. చంద్రగిరి వైపు కొండల్లో గట్టిగా కురిస్తే చాలు, ఇక్కడ ఎండ కాస్తున్నా నీళ్లు దిగుతాయి. కల్యాణి డ్యామ్ గేట్లు ఎత్తినా ఆ నీళ్లు చేరేది స్వర్ణముఖిలోకే. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగాయి, రాయలచెరువు కట్టకు లీకేజీ పడి కింది ఊళ్లను ఖాళీ చేయించారు. కాబట్టి మన నెత్తిమీది మబ్బును చూసి ధైర్యంగా ఉండొద్దు. తిరుపతి, చంద్రగిరిలో చుట్టాలుంటే పడుకునే ముందు ఒక ఫోన్ కొట్టండి. నన్నడిగితే వాతావరణం యాప్ కంటే అదే నయం.

ఏటి ఒడ్డు ఇళ్లవాళ్లు ఆధార్, పట్టా కాగితాలు, మందులు ఒకే ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టుకోండి. ఇంట్లోకి నీళ్లు వచ్చేలా ఉంటే మెయిన్ ఆపేయండి. కరెంటు తీగ తెగిపడితే దగ్గరికి పోకుండా 1912కి చెప్పండి.

కలంకారీ ఇళ్లకు ఇది ఇంకో రకం టెన్షన్. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డకు ఎండ కావాలి, రంగు వేశాక జాడించడానికి పారే నీళ్లు కావాలి. వానల్లో పారే నీళ్లకు కొదవ లేదు గానీ అవి ఎర్రమట్టి నీళ్లు. గుడ్డ పాడవుతుంది, జాడించడానికి దిగిన మనిషికీ ప్రమాదమే. ఉతుకుడు పని ముందే తెముల్చుకోండి. ఇనుము, బెల్లం ఊరేసిన నల్లరంగు కుండల్ని నేల మీంచి తీసి అరుగెక్కించండి. దీపావళి ఆర్డర్లకు గడువు ఒప్పుకునేటప్పుడు వాన రోజులు కలుపుకునే చెప్పండి. బేరం పోతుందని మొహమాటపడితే తర్వాత మాట పడేది మీరే.

రాహుకేతు పూజకు వచ్చేవాళ్లకు ఈ ఏటి సంగతి తెలియదు. ఇసుకలో కారు ఆపబోతుంటే కాస్త చెప్పండి. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే, ముందు బస్సు దాటిందని కారు దించకూడదు. మోకాలి లోతు పారే నీళ్లు చిన్న కారును పక్కకు నెట్టేయగలవు.

కార్తీకమాసంలో ఏటి స్నానానికి, దీపాలు వదలడానికి వెళ్లేవాళ్లు మెట్ల దగ్గరే ఆగండి. ఇసుక తవ్విన గుంతలు నీళ్ల కింద కనపడవు. వరద తగ్గాక కూడా కొత్త ఇసుక కప్పేసి గట్టి నేలలాగే ఉంటుంది, కాలు పెడితే దిగబడుతుంది. పిల్లల క్రికెట్ అప్పుడే మొదలుపెట్టనివ్వకండి.