ఊరికి చెప్పే మాట – 4వ పాఠం: భయపెట్టకుండా కదిలించడం

కిందటి పాఠంలో ఇచ్చిన పని గుర్తుందిగా? కనిగిరి వైపు ఒక పల్లెలో, ఫ్లోరైడ్ నీళ్ల గురించి బడి గోడ మీద ఏం రాయాలి? చాలామందికి మొదట తట్టేది ఇదే:

"ఫ్లోరైడ్ నీళ్లు తాగితే కాళ్లు వంకర! నడుము వంగిపోతుంది!"

అబద్ధమేమీ లేదు. కానీ ఆ గోడ కింద అరుగు మీద కూర్చునే తాత నడుము ఇప్పటికే వంగి ఉంది. పక్కన బొమ్మ కూడా వేస్తే అది ఆయన బొమ్మే. ఆయన మనుమరాలు ఆ రాత చదివి భయపడుతుంది, బిందె తీసుకుని మళ్లీ ఆ బోరు దగ్గరికే వెళ్తుంది. ఇంకెక్కడికి వెళ్లాలో రాత చెప్పలేదు మరి. చేసేందుకు ఏమీ లేనప్పుడు మనిషి భయాన్నే పక్కకు నెట్టేస్తాడు. "మా నాయనా ఇవే తాగాడు, ఏమైంది?" అంటాడు.

ఇప్పుడు ఇది చూడండి:

"పళ్లు తెల్లగా, కాళ్లు గట్టిగా. తాగడానికీ వంటకీ ప్లాంటు నీళ్లే."

ముందు కోరుకునేది, వెంటనే ఈ రోజే చేయగల పని. "వంటకీ" అన్న మాట ఎందుకంటే, కాచితే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది నమ్మకం. పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఒక షరతు. ఊళ్లో నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు మూతపడి ఉంటే ఈ రాత రాయకూడదు. ముందు ప్లాంటు బాగు చేయించాలి. లేకపోతే మన ఆశ మాటని రెండోసారి ఎవరూ నమ్మరు.

పోలియో ప్రచారం గుర్తు తెచ్చుకోండి. "నిండు జీవితానికి రెండు చుక్కలు." అందులో జబ్బు పేరే లేదు. దక్కేదేమిటో ఉంది, చేయాల్సిందేమిటో కూడా ఉంది. 2014లో మన దేశం పోలియో లేని దేశమైంది. ఇంటింటికీ తిరిగిన మనుషుల వల్లే అనుకోండి, కానీ తలుపు తీయించడంలో ఆ మాటకూ వాటా ఉంది.

నెల్లూరు జిల్లా వాళ్లకైతే ఇంకా దగ్గరి పాఠం ఉంది. సారా తాగితే ఇల్లు గుల్లవుతుందని అక్కడి దూబగుంట అనే పల్లె ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు, వాళ్లు రోజూ పడుతున్నదే. అక్షరాస్యత తరగతుల వాచకంలో వాళ్లకు దొరికింది వేరే: ఒక ఊరి ఆడవాళ్లు కూడి సారా అంగడి మూయించిన కథ. మనలాంటివాళ్లే చేశారు కదా అనిపించింది. ఆ ఊరి రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలిచారు, 1992లో జిల్లాలో సారా అమ్మే హక్కుల వేలంపాటలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. జిల్లాలో రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు పుట్టిందీ ఆ ఊపులోనే. "సారా మానండి" కన్నా "రోజుకో రూపాయి మనది" అన్నది ఎక్కువ కాలం నడిచే మాట.

భయం అసలు వద్దా? తుపాను వస్తుంటే కావలి తీరంలో ఆశ కబుర్లు చెప్పలేం. భయపెట్టాల్సిందే. అయితే అదే వాక్యంలో షెల్టరు ఎక్కడో, బండి ఎన్నింటికి బయల్దేరుతుందో ఉండాలి.

ఈసారి అభ్యాసం: "పద్దెనిమిది నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేస్తే రెండేళ్ల దాకా జైలు" అన్న రాతను మార్చండి. చదివేవాడు పదో తరగతి పాసైన కూతురున్న తండ్రి, మనసులో టెన్షన్ ఉన్నవాడు. జైలు, కేసు, నేరం అన్న మాటలు వాడకూడదు. ఈ వారంలో ఆయన చేయగల పని ఒక్కటైనా ఉండాలి. పది మాటలు దాటొద్దు. రాశాక ఇంట్లో ఎవరి చేతైనా గట్టిగా చదివించండి. వచ్చే పాఠం ఆటో మైకు గురించి, అక్కడ నోరు తిరగని వాక్యం పనికిరాదు.