రాక్ ఆల్బమ్‌కి టైటిల్ సాంగ్ ఎట్ల చేయాలంటే (కర్నూల్లో మేం పడిన తిప్పల్ని బట్టి)

మా నలుగురి ఆల్బమ్ పేరు 'బండ'. రాక్ అంటే బండే కదప్పా, పైగా నంద్యాల రోడ్డుమీద ఓర్వకల్లు రాళ్ళు చూసుకుంటా పోయినోళ్ళకి ఇంకో పేరేం తడతాది. ముందైతే ఇంగ్లీషులో మూడు మాటల పేరొకటి పెట్టుకుంటిమి గానీ మా అవ్వ నోట్లో అది తిరగలేదు, తీసేస్తిమి. పేరు ఖాయం చేసేముందే దాన్ని గట్టిగా పాడి చూడండి, ఎందుకంటే టైటిల్ సాంగ్‌లో హుక్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చి మనసులో నాటుకునే ముక్క, అదే. 'బండ' చివర 'అ' ఉంది కాబట్టి నోరు తెరుచుకుంటాది, ఎంతసేపైనా లాగొచ్చు. అదే చివర 'ఉ' వచ్చే మాట పైస్థాయిలో లాగితే మూతి ముడుచుకోని గొంతు నలిగిపోతాది.

తర్వాత శ్రుతి. గిటార్ వాయించేటోడు వాని వేళ్ళకి ఏది సుఖమో అందులో ట్యూన్ కడతాడు, పాడేటోడు చస్తాడు. ఇది మన దగ్గరే కాదు, అమెరికా రాక్ బ్యాండ్ ఈగల్స్ వాళ్ళ 1976 ఆల్బమ్ 'హోటల్ కాలిఫోర్నియా' టైటిల్ సాంగ్ కూడా ముందు 'E మైనర్' అనే శ్రుతిలో ఉండె, పాడే డాన్ హెన్లీ గొంతుకి అందకపోతే 'B మైనర్'కి మార్చుకున్నారు. మీ పాటలో అన్నిటికంటే పైకి పోయే లైన్ ఏదో చూసి, దాన్ని స్టేజీ మీద పాడేంత జోరుగా వరసగా పదిసార్లు పాడించండి. ఐదోసారికే గొంతు పగిలితే ఒక మెట్టు దించండి, మొహమాటం వద్దు. మేం రెండు మెట్లు దించితిమి, గిటారిస్టు రెండ్రోజులు అలిగినాడు.

ఫోన్లో రికార్డ్ చేసుకున్న చెత్త డెమో కూడా డిలీట్ కొట్టొద్దు. అదే ఈగల్స్ పాటకి వాళ్ళ గిటారిస్టు డాన్ ఫెల్డర్ చివరి గిటార్ సోలో కొత్తగా వాయించబోతే, డెమోలో ఉన్నట్టే కావాలని హెన్లీ పట్టుబట్టినాడంట, అప్పుడు ఫెల్డర్ ఇంటికి ఫోన్ చేసి పనామెతో ఆ క్యాసెట్ ఫోన్ దగ్గర పెట్టి ప్లే చేయించుకోని విని మళ్ళీ నేర్చుకున్నాడు.

రికార్డింగ్ రూమ్ సంగతికొస్తే, మన ఇళ్ళల్లో కింద బేతంచెర్ల బండలు, గోడలు నున్నగా ఉంటాయి. గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టండి, వెనకాల 'ట్జ్' అని తోక వినపడిందంటే ఆ గదిలో గొంతు రికార్డ్ చేయొద్దు, ఇంట్లో ఉన్న బొంతలన్నీ నేలమీద, పాడేటోని వెనకాల గోడకి వేయండి. ఫ్యాన్ ఆపాల్సిందే. మేం చేసింది మే నెల, రాత్రి పదకొండు దాటినాక మొదలుపెడితే కుక్కలు, కుక్కలు ఆపితే కరెంటు పోయేది. సెట్టింగ్స్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, గొంతు సౌండ్ మీటర్‌లో మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటే చాలు.

అసలు కష్టం తప్పెటతో వచ్చింది. డ్రమ్ కిట్ కొనే తాహతు లేక కంప్యూటర్ డ్రమ్స్ పెట్టుకోని దానిమీద నిజం తప్పెట వేద్దామనుకుంటిమి. వాయించే పెద్దాయన చెవిలో క్లిక్ (తాళం తప్పకుండా టిక్ టిక్ అని కొట్టే శబ్దం) పెడితే రెండు నిమిషాలకే పీకేసి "ఇది నన్ను ఎనక్కి గుంజుతాండాది" అనె. ఆయనదే కరెక్టు. కాబట్టి తప్పెటే ముందు రికార్డ్ చేయండి, క్లిక్ లేకుండా, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో టెంపోని ఆయన దెబ్బలకి తగ్గట్టు జరుపుకోండి. మా పాట నిమిషానికి 96 దెబ్బల దగ్గర మొదలై చివరికి 104 అయ్యింది, ఆ పరుగే పాటకి ప్రాణం.

ఇంకోటి, తప్పెటని మంట దగ్గర కాచి బిగిస్తారు కదా, రెండు మూడు టేకులయ్యేసరికి చర్మం చల్లారి శబ్దం దిగిపోతాది, ముందు టేకునీ తర్వాత టేకునీ అతికిస్తే తెలిసిపోతాది. అందుకని ప్రతి టేక్‌కి ముందు కాయండి, మిద్దె మీద వరిగడ్డి, బకెట్ నీళ్ళు పెట్టుకోని. మైకు ముందొకటి జానెడు దూరంలో, వెనకొకటి పెడితే లావు పుల్ల దెబ్బ, సన్న పుల్ల దెబ్బ రెండూ వస్తాయి, కాకపోతే వెనక మైక్‌కి ఫేజ్ తిప్పాలి, అంటే దాని శబ్ద తరంగాన్ని తలకిందులు చేయాలి, లేకుంటే రెండూ కలిపినప్పుడు బేస్ మాయమైపోతాది. మాకిది తెలియక ఒక రాత్రంతా వేస్ట్.

మిక్స్ అయినాక హెడ్‌ఫోన్స్‌లో విని మురిసిపోవద్దు. మేం రాజ్‌విహార్ దగ్గర షేర్ ఆటో ఎక్కి, డ్రైవర్ అన్నని అడిగి పాట పెట్టించి, మాదని చెప్పకుండా కూర్చుంటిమి. నిమిషం పైనే గిటార్ ఇంట్రో. సి క్యాంప్ రాకముందే ఆయన వెనక్కి తిరిగి "ఏమప్పా, ఈ పాట ఎప్పుడు మొదలయితాది?" అనె. ఇద్దరు ఆడోళ్ళు నవ్వినారు. మా గిటారిస్టు ఆ నిమిషంలో బండకింద పడినట్టే అయిపోయినాడు.

ఈగల్స్ పాట ఆరున్నర నిమిషాలు, రేడియోకి కోయమని కంపెనీ అడిగినా వాళ్ళు కోయలేదు, 1977లో అమెరికాలో నంబర్ వన్ అయ్యింది, నిజమే. వాళ్ళు అప్పటికే ఈగల్స్, మనం ఇంకా కర్నూలు షేర్ ఆటోలోనే ఉన్నాం. సింగిల్‌కి, అంటే విడిగా వదిలే పాటకి, ఇంట్రో 15 సెకన్లు చేసి, పొడుగుది ఆల్బమ్‌లో అట్లే ఉంచితిమి. అన్నట్టు ఆటో స్పీకర్లో మా బేస్ గిటార్ అసలు వినపడనే లేదు, ఫోన్ స్పీకర్లో మోనోగా (కుడి, ఎడమ సౌండ్ రెండూ ఒకటిగా కలిపి) పెట్టి ఒకసారి వినుంటే ముందే దొరికేది.

రిలీజ్ పని చిన్నదే. స్పాటిఫైలో మైనస్ 14 లఫ్స్‌కి (LUFS, పాట ఎంత గట్టిగా వినపడతాదో చెప్పే కొలత) అదే సర్దుకుంటాది కాబట్టి పాటని పిండిపిండి సౌండ్ పెంచాల్సిన పనిలేదు, వాళ్ళ ప్లేలిస్ట్‌లో మన పాట పెట్టమని అడగాలంటే (పిచ్ చేయడం అంటారు) మాత్రం రిలీజ్‌కి కనీసం ఏడు రోజుల ముందు చేయండి. మాట ఎవరిది, ట్యూన్ ఎవరిది అని అప్‌లోడ్ చేయకముందే కాగితం మీద రాసుకోని నలుగురూ సంతకం పెట్టండి, పాట కొంచెం తిరిగినాక ఈ మాటెత్తితే కొట్లాటే.

తిరగాలంటే లింకులు ఒక్కటే నమ్ముకోవద్దు. ఆటోవాళ్ళు, టీ కొట్టువాళ్ళు పెన్‌డ్రైవ్‌లో వింటారు, ఎంపీత్రీ చేతికివ్వండి. తప్పెట పెద్దాయనకైతే లింకు పంపిస్తే "ఇది నాకేం తెలుస్తాది నాయనా" అని చిన్న ఫోన్లోంచి మెమరీ కార్డు తీసి చేతిలో పెట్టినాడు. పొడుగుదే ఎక్కించమన్నాడు, ఇంట్రోతో సహా.