బ్యాటరీ ప్యాక్ మార్చే ముందు ఇది చూడండి

పాత ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ హెచ్చరిక దీపం వెలగగానే పెద్ద ప్యాక్ పోయిందని బెంబేలెత్తకండి. ముందు 12 వోల్టుల చిన్న బ్యాటరీని పరీక్షించండి. అది నీరసించినా కారు కంప్యూటరులో తప్పుడు లోపాల కోడ్‌లు వస్తాయి.

అది బాగుంటే ఓబీడీ రీడరుతో (కారు కంప్యూటరులోని కోడ్‌లు, కొలతలు చదివే పరికరం) పెద్ద ప్యాక్‌లోని ఒక్కో సెల్ వోల్టేజీ చదవండి. కారు ఆగి ఉన్నప్పుడు అన్నీ బుద్ధిమంతుల్లాగే కనిపిస్తాయి. ఛార్జి సగానికన్నా తగ్గాక ఎత్తు మీదికి నడపండి; అంకెలు పక్కవారు చూడాలి, మీరు రోడ్డు చూడాలి. మిగతావి 3.6 వోల్టుల దగ్గరుండగా ఒకటి 3.2కి జారితే దొంగ దొరికినట్టే. పెడల్ వదలగానే అది ఠక్కున మిగతావాటితో కలిసిపోతే సెల్‌ను అనుమానించే ముందు బస్‌బార్ (సెల్స్‌ను కలిపే లోహపు పట్టీ) బోల్టు వదులైందేమో, తుప్పు పట్టిందేమో మెకానిక్ చూడాలి. మెల్లగా కోలుకుంటే సెల్ ముసలిదైనట్టు.

ఇన్సులేషన్ లోపమని (అంటే హై వోల్టేజీ కరెంటు కారు బాడీకి లీకవుతోందని) కోడ్ వస్తే మాత్రం ఈ ప్రయోగాలేవీ వద్దు, కారు నడపకండి. ప్యాక్ మూత ఎప్పుడూ మీరు తెరవకండి. సర్వీస్ ప్లగ్ (హై వోల్టేజీ సర్క్యూట్‌ను తెంపేది) పీకినా లోపలి సెల్స్‌లో వోల్టేజీ అలాగే ఉంటుంది. రీడరులో కనిపించిన సెల్ అంకెలను ఫోటో తీసి, హై వోల్టేజీ పనిలో శిక్షణ ఉన్న మెకానిక్‌కు చూపండి. ప్యాక్ మొత్తం కాకుండా ఒక్క మాడ్యూల్ (కొన్ని సెల్స్ కట్ట) మారిస్తే సరిపోవచ్చు. కొత్తదాని వోల్టేజీని పాతవాటితో సమానం చేశాకే బిగించమనండి.