తుప్పు పట్టిన ఎస్-10 పికప్: టూవీల్ బాడీ కింద ఫోర్‌వీల్ ఛాసీ

అమెరికాలో మిషిగన్, ఒహాయో వైపు చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అందుకే షెవర్లే ఎస్-10 పికప్‌కి (1982–2004) ఇంజను గట్టిగానే ఉన్నా, కింద ఛాసీ పొరలు పొరలుగా ఊడుతుంది. తక్కువకి వస్తోందని పాత బండి కొనే మనవాళ్లు ముందు నేల మీద పడుకుని కింద చూడండి. ఛాసీ పోయిన టూవీల్ బండి (రెండు చక్రాలే లాగేది) బాడీని ఫోర్‌వీల్ బండి (నాలుగు చక్రాలూ లాగేది) ఛాసీ మీదికి ఎక్కిస్తే ఎదురయ్యే చిక్కులు, వాటికి మందులు ఇవీ.

సుత్తితో తడితే ఖంగుమనకుండా దబ్‌మంటోందా?
లోపల ఇనుము తినేసిందన్నమాట. ఒక్కచోటే అయితే పట్టీ వేసి వెల్డింగ్ చేయొచ్చు. స్టీరింగ్ బాక్స్ బిగించే చోట, వెనక కమాన్ కట్టలు వేలాడే చోట చిల్లులు పడితే మాత్రం ఛాసీ మార్చాల్సిందే. అక్కడ అతుకును నేను నమ్మను, ప్రాణాలతో పని.

క్యాబిన్ కూర్చుంది, వెనక తొట్టి బోల్టులు కలవడం లేదా?
వీల్‌బేస్ (ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం) తేడా. మామూలు క్యాబిన్, పొట్టి తొట్టికి 108.3 అంగుళాలు, పొడుగు తొట్టికి 117.9, పెద్ద క్యాబిన్‌కి 122.9. కొనేముందే టేపు పట్టండి. 1993 దాకా వచ్చినవాటినీ 1994 తర్వాతివాటినీ కలపొద్దు.

ఫోర్‌వీల్ ఛాసీలోకి టూవీల్ ఇంజను దించుతుంటే అడుగునుండే ఆయిల్ పాన్ ముందు యాక్సిల్‌కి తగులుతోందా?
ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. టూవీల్ బండికి ముందు కాయిల్ స్ప్రింగులు, ఫోర్‌వీల్‌కి టోర్షన్ బార్లు (స్ప్రింగుల బదులు మెలితిరిగే ఇనప కడ్డీలు). ఫోర్‌వీల్‌లో ముందు యాక్సిల్ ఇంజను కిందుగా పోతుంది కాబట్టి పానూ వేరే, ఆయిల్ ఫిల్టరు ఉండే చోటూ వేరే. టూవీల్ గేర్‌బాక్స్ వెనక ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు చక్రాలకీ శక్తి పంచే గేర్ల పెట్టె) బిగించే చోటే ఉండదు. అందుకే ఉత్త ఛాసీ కొనకండి, బండి మొత్తం కొనండి. ఇంజను నుంచి వెనక యాక్సిల్ దాకా ఏదీ వదలొద్దు. వీఐఎన్‌లో (బండి గుర్తింపు నంబరులో) అయిదో అక్షరం 'టి' అయితే ఫోర్‌వీల్, 'ఎస్' అయితే టూవీల్. అమ్మేవాడి మాట కంటే అదే నమ్మకం.

బండి నడుస్తోంది, స్పీడోమీటర్ ముల్లు కదలదా?
ఫోర్‌వీల్‌లో స్పీడ్ సెన్సర్ ట్రాన్స్‌ఫర్ కేస్ తోక దగ్గర ఉంటుంది. వైరు అక్కడిదాకా లాగండి.

ఫోర్‌వీల్ వేస్తే బిగుసుకుని గుంజుతోందా?
ఎండు తారు రోడ్డు మీద ఎలాగూ కొంత బిగుస్తుంది, కంకర మీద చూడండి. అక్కడా అంతే అయితే పాత టూవీల్ యాక్సిల్ వెనక ఉంచేసి ఉంటారు, ముందూ వెనకా యాక్సిల్ గేర్ల పళ్ల నిష్పత్తి కలవడం లేదు. గ్లవ్ బాక్స్ స్టిక్కరు మీద జియు6 అనే కోడ్ ఉంటే ఆ నిష్పత్తి 3.42, జిటి4 ఉంటే 3.73. ముందు యాక్సిల్ ఏ బండిదో వెనకదీ ఆ బండిదే వేయండి.

ఫోర్‌వీల్ వేసినా ముందు చక్రాలు లాగవా?
డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్య గేర్ల పెట్టె) విప్పకండి. ముందు బ్యాటరీ తట్ట కింద చూడండి. ముందు యాక్సిల్‌ని కలిపే కేబుల్‌ని లాగే వాక్యూమ్ డబ్బా (గాలి పీల్పుతో పనిచేసేది) అక్కడే ఉంటుంది. పైనుంచి యాసిడ్ కారి అది పాడవుతుంది, గొట్టాలు పగులుతాయి. గొట్టాన్ని నోటితో పీల్చకండి, చేతిపంపుతో గాలి లాగి చూడండి. కేబుల్ కదిలితే డబ్బా బాగున్నట్టే, లోపం గొట్టాల్లోనో ట్రాన్స్‌ఫర్ కేస్ మీది స్విచ్చిలోనో ఉంటుంది.

బండి ఒకపక్కకి ఒరిగిందా?
టోర్షన్ బార్లు సమంగా బిగియలేదు. సర్దే బోల్టులతో రెండు పక్కలా ఎత్తు కొలిచి సరిచేసి, తర్వాతే అలైన్‌మెంట్‌కి తీసుకెళ్లండి. బార్లు విప్పాల్సివస్తే వాటికోసం చేసిన పనిముట్టు తప్పనిసరి. ఆ బిగువు ఒక్కసారిగా వదిలితే చెయ్యి విరుగుతుంది.