ప్లాటినం నాణెం కొనడం ఎలా? మూడో పాఠం: బొమ్మ, బొరుసు, బేరం

ముందుగా పోయినసారి లెక్క. పావు ఔన్సు నాణెంలో ప్లాటినం ఎంత? దాదాపు 7.78 గ్రాములు. మీకు 7.09 వచ్చిందంటే మామూలు ఔన్సును నాలుగుతో భాగించారన్నమాట. విలువైన లోహాలకు ఎప్పుడూ ట్రాయ్ ఔన్సే, అంటే 31.1035 గ్రాములు.

ఇక నాణేన్ని తిప్పి చూద్దాం. పెట్టుబడి కోసం వేసే ప్లాటినం నాణేల్లో నేటి తరానికి ఆద్యం ఐల్ ఆఫ్ మ్యాన్ దీవి వాళ్ల నోబుల్ అనే నాణెం. 1983లో వచ్చింది, దాని మీద వైకింగుల ఓడ ఉంటుంది. 1988లో కెనడా మేపుల్ ఆకు, ఆస్ట్రేలియా కోలా వచ్చాయి. 1997లో అమెరికా ఈగిల్ వచ్చింది: ఒకవైపు స్వేచ్ఛా ప్రతిమ ముఖం, రెండోవైపు ఎగురుతున్న గద్ద. ఆస్ట్రియా మాత్రం జంతువుల జోలికి పోకుండా తన ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం వాద్యాలను నాణెం మీదకెక్కించింది. నాకు అన్నిటికంటే అందంగా కనిపించేది అదే, కానీ అందాన్ని చూసి కొనొద్దు.

మరి ఈ జాతీయ చిహ్నం వల్ల కొనేవాడికి ఒరిగేదేమిటి? అమ్మేటప్పుడు సులువు, అంతే. ఆకునో గద్దనో చూడగానే డీలర్ గుర్తుపడతాడు, పెద్దగా ప్రశ్నలు వేయకుండా ధర చెబుతాడు. నాణెం మీద ముద్రించిన విలువను పట్టించుకోకండి. ఒక ఔన్సు ఈగిల్ మీద 100 డాలర్లని, మేపుల్ ఆకు మీద 50 కెనడా డాలర్లని ఉంటుంది. లోపలి లోహం విలువ దానికి ఎన్నో రెట్లు.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఈగిల్‌లో బులియన్ రకం (లోహం విలువ కోసం కొనేది), ప్రూఫ్ రకం (సేకరించేవాళ్ల కోసం వేసేది) అని రెండున్నాయి. బులియన్ రకం మీద డిజైను మారదు. అద్దంలా మెరిసే ప్రూఫ్ రకానికి డిజైను మారుతూ ఉంటుంది, ధరా ఎక్కువే. లోహం కోసం కొనేవాళ్లకు ప్రూఫ్ అనవసరం. అమ్మబోతే ఆ మెరుపుకు పెట్టిన డబ్బు తిరిగొస్తుందన్న భరోసా లేదు.

ఇప్పుడు అసలైన పని, నాణెం నిజమైనదో కాదో తేల్చడం. 19వ శతాబ్దంలో ప్లాటినం ఎంత చవకంటే, దానికి బంగారం పూత పూసి స్పెయిన్ బంగారు నాణేలంటూ అంటగట్టేవారు! ఇవాళ దాని బరువే మనకు రక్ష. ప్లాటినం సాంద్రత ఘన సెంటీమీటరుకు 21.45 గ్రాములు. బంగారానికి 19.3, సీసానికి 11.3. నకిలీ బంగారంలో కలిపే టంగ్‌స్టన్ ఇక్కడ పనికిరాదు, అది ప్లాటినం కంటే తేలిక. ఇరిడియం, ఆస్మియం లాంటివి సరితూగుతాయి గానీ అవి చవకవీ కావు, అచ్చు వేయడమూ కష్టమే.

గ్రాములో నూరో వంతు చూపే త్రాసు తీసుకోండి. ముందు నాణేన్ని తూచండి: ఒక ఔన్సుదైతే 31.1 గ్రాములకు అటూఇటూగా రావాలి. తర్వాత నీళ్ల గ్లాసును త్రాసు మీద పెట్టి అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకూ అంచులకూ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. బుడగలు అంటుకుంటే మెల్లగా కదిపి వదిలించండి. నాణెం బరువును ఇప్పుడు త్రాసు చూపే అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఒక ఔన్సు నాణేనికి త్రాసు 1.45 చూపితే మీరు టెన్షన్ పడక్కర్లేదు. 1.6 దగ్గర ఆగితే అది టంగ్‌స్టన్ కావచ్చు, 2.9 దాటితే వెండి కావచ్చు. తర్వాత మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి. గీత పడితే ధర తగ్గుతుంది. సీలు వేసిన నాణేన్ని మాత్రం ఈ పరీక్ష కోసం విప్పకండి.

పదో వంతు ఔన్సు నాణేనికి ఇంట్లో ఈ పరీక్ష నమ్మలేం. అక్కడ అంకె 0.14 లేదా 0.15 వస్తుంది. ఆ ఒక్క అంకె తేడాకే సాంద్రత 22.2 నుంచి 20.7కు పడిపోతుంది.

నాణెం నిజమైనదే అనుకుందాం, బేరం సంగతేమిటి? ఔన్సు స్పాట్ ధర, అంటే మార్కెట్లో అప్పటికప్పుడు లోహానికి ఉన్న ధర, 1,000 అనుకోండి. డీలర్ 1,080కి అమ్ముతాడు, స్పాట్‌లో 97 శాతానికి తిరిగి కొంటాడు. ప్రీమియం, అంటే స్పాట్ మీద అదనంగా కట్టేది, 8 శాతమే కదా అనిపిస్తుంది. కానీ మీ డబ్బు మీకు తిరిగి రావాలంటే స్పాట్ 1,113కు చేరాలి, అంటే 11 శాతం పైగా పెరగాలి. అదే పదో వంతు నాణేన్ని 125కు కొని, స్పాట్‌లో 95 శాతానికి అమ్మాల్సి వస్తే? దాదాపు 32 శాతం పెరగాలి. చిన్న నాణేలు చేతికి తేలికే, లెక్కకు బరువు.

దీనికి తోడు పన్ను. బ్రిటన్‌లో పెట్టుబడి బంగారు నాణేలకు వ్యాట్ లేదు, ప్లాటినానికి 20 శాతం ఉంది. పై 1,080 మీద అది పడితే 1,296 కట్టాలి, స్పాట్ 1,336కు చేరితే గానీ ఆ డబ్బు తిరిగి రాదు. కాబట్టి కొనేముందు మీరున్న చోట పన్ను నిబంధన చూడండి.

ఇంటి లెక్క: స్పాట్ 1,200. అర ఔన్సు నాణేన్ని 666కు అమ్ముతున్నారు, 582కు తిరిగి కొంటామంటున్నారు. ప్రీమియం ఎంత? నష్టం లేకుండా బయటపడాలంటే స్పాట్ ఎంతకు చేరాలి? వచ్చే పాఠంలో జవాబు చూసుకుని, 2008 మార్చిలో 2,200 డాలర్లు దాటిన ప్లాటినం అదే ఏడాది 800 దిగువకు ఎలా పడిందో, దానికీ కార్ల పొగగొట్టాలకూ సంబంధమేమిటో తెలుసుకుందాం.